అంచున పరుగెత్తేవాడు

అజ్మతుల్లా “యల్లా!” అన్నాడు. అన్న మరుక్షణం పెంచల్ ఇసుకను వెనక్కి చిమ్ముతూ మైదానం అంచు వెంట బయలుదేరాడు.

అతని వెంట ఇద్దరు పడ్డారు. ముందున్నవాడు వర్గీస్, పక్క గ్యారేజీలో ఇంజన్లు విప్పే మలయాళీ మెకానిక్కు, భారీ మనిషి. రొప్పుతూ, తన భాషలో తిట్టుకుంటూ, అయినా వదలకుండా తరిమాడు. పెంచల్ పాత టైర్లు పేర్చిన గీత దాటి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ చాచాడు. చేతుల్లోకి ఏమీ రాలేదు. బంతి అప్పటికే నడిమైదానంలో ఖాసిం వలి బొజ్జకు కరుచుకుని ఉంది. ఖాసిం వలి పరుగెత్తలేదు. సంత నుంచి సంచి మోసుకుపోయేవాడిలా నింపాదిగా నడిచి, అడ్డం ఎవరూ లేని దారిన గీత దాటాడు.

అజ్మతుల్లా చెయ్యెత్తి కేక వేశాడు.

ఆ బంతి గుండ్రనిది కాదు. రెండు కొసలూ కోసుగా, నడుమ ఉబ్బి, పీచు తీయని కొబ్బరికాయలా ఉంటుంది. కువైటులోని అమ్ఘరాలో పెంచల్ వాళ్లు పనిచేసే ఇనుము, సిమెంటు యార్డుకు సూపర్వైజరుగా ఉండిన అమెరికన్ ఎండాకాలం సెలవుకు పోతూ, ఫోర్క్‌లిఫ్టు నడిపే అజ్మతుల్లా చేతిలో దాన్ని పెట్టిపోయాడు. ఆ దేశపు ఫుట్‌బాల్‌లో ఒకడు వెనక నిలిచి బంతి విసురుతాడు. తక్కినవాళ్లు ముందుకు పరుగెత్తి అందుకుంటారు. అందుకున్నవాడు గీత దాటితే గెలుపు. అవతలివాళ్లు మీదపడి మనిషిని నేలకేసి కొడతారట. నడుము విరిగితే లోడు ఎత్తేదెవరని అజ్మతుల్లా ఆ ఒక్క నియమాన్ని మార్చి, కబడ్డీలో లాగా తాకితే చాలన్నాడు.

అప్పుడు ఎత్తడానికి లోడు ఉండేది. ఆగస్టులో ఇరాకు సైన్యం వచ్చింది. యార్డుకు తాళం పడింది. కఫీల్, అంటే వీళ్లను వీసా మీద తెచ్చుకున్న యజమాని, కుటుంబాన్ని తీసుకుని సౌదీకి దాటిపోయాడు. అర్దియాలో వర్క్‌షాపుల వెనక ఒక గదిలో వీళ్లు మిగిలారు. జోర్డానుకు బస్సులు పోతున్నాయని, ఇవాళ కాకుంటే రేపు తమ వంతు వస్తుందని చెప్పుకుంటూ, పొద్దు వాలాక ఈ ఖాళీ జాగాలో ఆడుకునేవారు.

ఆట ముగిసి అందరూ గోడ నీడన కూలబడ్డారు. పెంచల్ మాత్రం నీళ్ల సీసా అందుకోకుండా నిలబడ్డాడు.

“అజ్మత్ భాయ్, నేను నీకు యాన్నన్నా తప్పు చేసింటినా?”

“ఏందిరా సామీ, పంచాయితీ పెడ్తివి?”

“ఇన్ని దినాలాయ. ఒక్కసారన్నా బంతి నాకు ఇసిరినావా? ఎంత ఉరికినా ఖాసిమన్నకే ఇస్తావు. ఆయప్ప ఉన్నకాడ్నుంచి కదలడు గూడా.”

“కదిలితే పొట్ట ముందు పోతాది, దాని ఎనక నేను పోవాల. ఎందుకబ్బా ఆ తిప్పలు,” అన్నాడు ఖాసిం వలి.

అందరూ నవ్వారు. అజ్మతుల్లా నవ్వకుండా ఇసుకలో వేలితో గీత గీశాడు.

“ఇదో, ఇది నువ్వు. నువ్వు ఉరికితే ఇద్దురు నీ ఎంట పడతారు. పడినారా లేదా? వాళ్లు అట్ల పోతే ఈడ నడాన ఖాళీ. ఖాసిం ఈడ నిలబడి తీసుకుంటాడు. నువ్వు ఉరక్కపోతే వానికి బంతే లేదు. ఆ అమెరికా ఆయన నాకు నేర్పిచ్చింది ఇదే. జోరుగా ఉరికేటోన్ని అంచున పెట్టు, వాడు మైదానాన్ని ఎడల్పు చేస్తాడు అని.”

“అంటే నేను దారి ఊడ్చేటోన్నా?”

“దారి చేసేటోనివి.”

“ఆ దారిలో నేనెప్పుడు నడుస్తా భాయ్?”

అజ్మతుల్లా గీతను అరచేత్తో చెరిపేశాడు. 

గదికి నడుస్తూ పెంచల్ తన కోపాన్ని విప్పి చూసుకున్నాడు. బంతి మీద తనకంత ఆశ లేదు. అది చేతికొస్తే ఏం చేయాలో కూడా సరిగా తెలియదు. కాని పరుగెత్తిన ప్రతిసారీ బంతి వస్తుందనే పరుగెత్తాడు. వస్తుందని ఉరకడం, రాదని తెలిసి తిరిగి రావడం. మనిషి నమ్మకాన్ని వాడుకుని, ఆ మనిషికి మాత్రం ఏమీ ఇవ్వకపోవడం న్యాయమేనా అన్నది అతని ప్రశ్న.

*

రొట్టెల దుకాణం వాళ్ల గదికి దగ్గరే. కిటికీలోంచి మనిషికి ఇన్ని కుబూస్‌లని ఇస్తారు. ఆడవాళ్లకొక వరస, మగవాళ్లకొక వరస అన్నది పేరుకే. కిటికీ రెక్క కదిలిందంటే రెండు వరసలూ ఒకటయ్యేవి. భుజబలం ఉన్నవాళ్లు ముందుకు, లేనివాళ్లు గోడకు. వర్గీస్ మోచేతులు చాచాడంటే అతని వెనక నలుగురు నడిచిపోవచ్చు. పెంచల్ మోచేతులు చాచేవాడు కాదు, సందు చూసి జారిపోయేవాడు. రెండూ ఒకటే కదా అని ఒకోసారి తోచేది. తోచినా ఆకలి ఆగనిచ్చేది కాదు.

గోడకు నెట్టబడేవాళ్లలో షరీఫా బీ ఒకతె. రాయచోటి మనిషి. ఆమె వంట చేసిపెట్టే ఇంటివాళ్లు రాత్రికి రాత్రి దేశం దాటిపోగా, మరో ఇద్దరు పనివాళ్లతో కలిసి వీళ్ల పక్క గదిలో తలదాచుకుంది. కొన్నాళ్లుగా ఆమె గుడ్డసంచి ఖాళీగానే తిరిగొస్తోంది. వీళ్లు తమకు దొరికినదాంట్లో పంచితే తీసుకునేది, కాని సగం మళ్లీ తిప్పి పంపేది.

“మా మామాకు, అదే మా యజమానమ్మకు, నేను చేసిన కుబూస్ తప్ప నోటికి పొయ్యేది కాదు,” అంది ఆ ఉదయం, గోడ పక్కన సంచి మడిచి చంకలో పెట్టుకుంటూ. “ఇప్పుడు సౌదీలో ఆయమ్మ ఏం తింటాందో, నేను ఈడ గోడను తింటాండా.”

“నేను తెచ్చిస్తాలే షరీఫక్కా.”

“నువ్వెంతమందికి తెస్తావు నాయినా. నా ఎనక చూడు, ఇంకా ఎంతమంది ఆడోళ్లు గోడకు ఆనుకొని ఉండారో.”

పెంచల్ చూశాడు. చూసి తల తిప్పుకోబోయినప్పుడు వీధి చివర పొగ కనబడింది. ఆ కొసన ఇంకో రొట్టెల దుకాణం ఉంది. సైన్యం వచ్చినప్పటి నుంచి దాని షట్టరు లేవలేదు. పొయ్యి వెలిగిందనే అనుకున్నాడు పెంచల్. ఇంకేమీ ఆలోచించలేదు. లుంగీ ఎగగట్టి పరుగు తీశాడు.

తరవాత జరిగినదానికి కారణం వర్గీస్ కాళ్లు. సాయంత్రాలన్నీ పెంచల్ కదిలితే కదలడం వాటికి అలవాటు. కిటికీకి చేయి చాపబోతున్న మనిషి, పెంచల్ అంచున దూసుకుపోవడం కంటికొసన చూసి, ఎందుకో తనకే తెలియకుండా వెనక్కి తిరిగి వెంటపడ్డాడు. అంత మనిషి కిటికీ వదిలి ఉరికాడంటే అక్కడేదో ఉందని తక్కినవాళ్లు ఉరికారు. కాలి సత్తువ ఉన్న మగవాళ్లంతా వీధి పొడవునా పరుగెత్తారు.

షట్టరు దించే ఉంది. దాని పక్క సందులో ఎవరో చెత్త తగలబెడుతున్నారు. ఎత్తుకుపోయే బండ్లు రాక, ఎక్కడి చెత్త అక్కడే కాలిపోతున్న రోజులవి.

పెంచల్ అన్ని భాషల తిట్లూ విన్నాడు. కొన్ని అర్థమయ్యాయి, కొన్ని అర్థం కాకపోయినా గుచ్చుకున్నాయి. తల వంచుకుని తిరిగొచ్చేసరికి షరీఫా బీ గది గుమ్మంలో కూర్చుని ఉంది. సంచి ఉబ్బి ఉంది. ఆవిరికి గుడ్డ తడిసింది.

“రా నాయినా, కూచో. నువ్వు ఉరికితివి, ఆ బండోడు నీ ఎంట ఉరికె, వాని ఎంట లోకమంతా ఉరికె. కిటికీ కాడ మేమే మిగిలితిమి. ఆడోళ్లందరికీ దొరికినాయి. ముసలోళ్లకు గూడా.” ఒక కుబూస్‌ను రెండుగా చించి సగం అతని చేతిలో పెట్టింది. “కాలుతాది, నిమ్మళంగా.”

అజ్మతుల్లా తలుపుకు ఆనుకుని అంతా విన్నాడు. “ఇదేరా నేను చెప్పింది. గీత గీసి చూపిస్తే నీకు ఎక్కల్యా. రొట్టె తింటేగానీ ఎక్కల్యా.”

పెంచల్ నములుతూనే ఉన్నాడు. సిగ్గుపడాలో సంతోషపడాలో తెలియలేదు. తాను తినే ముక్కలో తన పరుగు ఉందన్న ఆలోచన మాత్రం వింతగా, వెచ్చగా గొంతు దిగింది.

*

“రేపు గూడా అట్లనే ఉరుకు,” అన్నాడు అజ్మతుల్లా.

“ఆడ ఏం లేదని తెలుసు గదా భాయ్.”

“నీకు తెలుసు. వాళ్లకు తెల్దు.”

“తెల్లారి షరీఫక్క మొగం చూసినావు గదా,” అన్నాడు ఖాసిం వలి. ఆ మాటకే పెంచల్ ఒప్పుకున్నాడు.

మర్నాడు వరస కదలబోతుండగా అతను పరుగు మొదలుపెట్టాడు. నాలుగంగల్లోనే తేడా తెలిసింది. కాళ్లు ఇసుకలో దిగబడ్డట్టున్నాయి. వెనక ఎవరైనా వస్తున్నారా అని మెడ తిప్పి చూశాడు. మళ్లీ చూశాడు. బంతి వస్తుందని పరుగెత్తిన రోజుల్లో వెనక ఎవరున్నారో అతనికి ఎన్నడూ పట్టలేదు.

వర్గీస్ కిటికీ దగ్గరే నిలబడి హిందీలో అరిచాడు: “ఇవాళ నీ కాళ్లలో రొట్టె లేదు పెంచల్!” వరసంతా గొల్లుమంది. కిటికీ తెరుచుకుంది. ఆడవాళ్లు గోడకు నెట్టబడ్డారు.

పెంచల్ నడివీధిలో ఆగిపోయాడు. వెనక్కి పోవడానికి మొహం చెల్లలేదు. ముందు, మలుపు దగ్గర, ఇసుక మూటల వెనక ఇరాకీ సైనికుడొకడు లేచి నిలబడి చేత్తో పిలిచాడు.  వీధుల్లో పరుగెత్తేవాళ్లను కాలుస్తారని పెంచల్ విని ఉన్నాడు.

“ఎందుకు ఉరికావు?” అన్నట్టు గడ్డం ఎగరేశాడు సైనికుడు. బక్కపలచని మనిషి. బూట్లకు లేసులు లేవు.

“కుబూస్,” అన్నాడు పెంచల్. ఇంకేం చెప్పాలో తెలియక అరచేతులు చాచి చూపించాడు.

సైనికుడు ఆ ఖాళీ చేతులను చూసి, తన చేతులు కూడా అలాగే చాచి, నవ్వాడు. ఆనక వీధి కొసన ఉన్న షట్టరు చూపించి, లోపల ముసలాయన ఒకడున్నాడని, పిండి ఉందని, తాము తలుపు కొడితే చచ్చినట్టు పడుకుంటాడని సగం అరబ్బీలో, సగం అభినయంతో చెప్పాడు. పో, అని తల ఊపాడు.

పెంచల్ ఈసారి నడిచాడు.

షట్టరు చాలాసేపు కొట్టాక లోపలి నుంచి తిట్టు వినిపించింది. ఇది ఆశ కలిగించే తిట్టు. “సైన్యం కాదు బాబా, హిందీ, ఇండియా మనిషి,” అని అరిచాడు. షట్టరు మోకాలెత్తు లేచింది. పెంచల్ పాక్కుంటూ దూరాడు.

ఆ దుకాణం ఇరానీ ముసలాయనది. బొంబాయిలో కొన్నేళ్లున్నానని హిందీలో చెప్పాడు. పనివాళ్లు ఉన్నపళంగా వెళ్లిపోయారు. పిండి బస్తాలు వెనక గదిలో మనిషెత్తున ఉన్నాయి. ఆయన నడుముకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు. బస్తా సంగతి అటుంచి బకెట్టు కూడా ఎత్తలేడు.

“ఒక్కణ్ణి కాల్చేది ఎంతమందికి సరిపోతుంది? మొదటి రొట్టె వాసనకే ఊరంతా వస్తుంది. రొట్టెలు అయిపోతే నన్ను తింటారు. అందుకే దించుకుని కూర్చున్నా.”

పెంచల్ బస్తాల వైపు చూశాడు. కువైటుకు వచ్చినప్పటి నుంచి అతని బతుకంతా బస్తాలే. గోనెపట్టా మడిచి మెడ వెనక వేసుకున్నాడు. వంగి, బస్తా చెవి ఒడిసిపట్టి, ఒక్క ఊపులో వీపు మీదికి తీసుకుని, పిండి తొట్టి పక్కన దించాడు. దుమ్ము లేచి ఇద్దరూ తుమ్మారు.

“నీలాంటివాళ్లు ఇంకెంతమంది?” అన్నాడు ముసలాయన.

*

మధ్యాహ్నానికి గదిలోవాళ్లంతా అక్కడున్నారు. షరీఫా బీ కొంగు నడుముకు చుట్టి, అడగకుండానే తొట్టి దగ్గర కూర్చుంది. ఖాసిం వలి పిండి పిసికే తీరు చూసి ముసలాయన తల కొట్టుకున్నాడు.

“పిండిని చంపుతున్నాడు! అది బతికి ఉండాలి, చంపకూడదు!”

“రేయ్ పెంచల్, ఈ తాత ఏమంటాండాడురా?”

“నీ పొట్ట మాదిరి మెత్తగా ఉండాలంటాండాడన్నా.”

“జరుగు ఖాసిమూ, పిండి నాకిడువు,” అని షరీఫా బీ తొట్టిని తన వైపు లాక్కుంది. ఆమె మణికట్టు తిరిగే తీరు చూసి ముసలాయన నోరు మూసుకున్నాడు.

పరిచిన రొట్టెను గుడ్డ దిండు మీద వేసి, పొయ్యి గోడకు చరిచి, చేయి కాలకముందే వెనక్కి తీయాలి. అజ్మతుల్లా ఆ పనికి పూనుకుని, మోచేతి దాకా వెంట్రుకలు కాల్చుకుని, చివరికి నేర్చుకున్నాడు. విసరడం ఎరిగిన చేయి కదా. పెంచల్ బస్తాలు మోస్తూ, నీళ్లు మోస్తూ, గదికీ పెరటికీ మధ్య తిరిగాడు. ఎవరూ అతన్ని ఏ అంచునా నిలబెట్టలేదు.

రేపు పొద్దున ముసలాయన షట్టరు ఎత్తుతానన్నాడు. ఒక్క షరతు: వచ్చేవాళ్లు వరసలో నిలబడాలి.

తెల్లవారి పెంచల్ ఎప్పటి దుకాణం దగ్గరికి వచ్చాడు. కేకేసి చెప్పవచ్చు. కాని మొన్నటి పొగా, నిన్నటి నాటకమూ చూసినవాళ్లు అతని మాట నమ్ముతారా? వరసను ఒకసారి చూశాడు. మోచేతులు సిద్ధమవుతున్నాయి. లుంగీ ఎగగట్టాడు. ఒక క్షణం కళ్లు మూసుకుంటే వీధి కొసన ఎర్రబడుతున్న పొయ్యి, దాని ముందు అజ్మతుల్లా కనబడ్డారు. కాళ్లు వాటంతట అవే బయలుదేరాయి.

వెనక్కి చూడలేదు. చూడాలన్న ఊహ కూడా రాలేదు. మలుపు దగ్గర సైనికుడు ఏదో అరిచాడు, అది ఆగమనో పొమ్మనో తెలియలేదు. షట్టరు ఎత్తి ఉంది. వేడి వాసన వీధిలోకి వచ్చి అతన్ని తాకింది. గుమ్మానికి చేయి ఆనించి, రొప్పుతూ, అప్పుడు తిరిగి చూశాడు. వర్గీస్ ఎర్రబడ్డ మొహంతో వస్తున్నాడు. అతని వెనక వీధి నిండా జనం.

“వరస!” అని అరిచాడు పెంచల్. “వరస కడితేనే! తోస్తే షట్టరు పడతాది!”

వర్గీస్ ముందు తాను నిలబడి, ఆ పెద్ద మోచేతులు రెండు పక్కలా చాచి, వెనకవాళ్లను వరసలో పెట్టాడు. ఆ మోచేతులకు ఇలాంటి పని కూడా ఉంటుందని అంతకుముందు ఎవరికీ, బహుశా అతనికి కూడా తెలియదు. ఆ ఉదయం రెండు దుకాణాల్లోనూ రొట్టెలు ఉన్నాయి. ఎప్పటి దుకాణం దగ్గర ఆడవాళ్లను గోడకు నెట్టేవాళ్లు లేరు.

కుబూస్‌లు చేతిలో పడ్డాక వర్గీస్ పెంచల్ పక్కన చతికిలబడ్డాడు.

“ఇవాళ నా పరుగు నిజమని నీకెట్లా తెలిసింది?” అని అడిగాడు పెంచల్. పరుగెత్తే మనిషి ఒంట్లో సత్యం దాగదని, అందుకే ఈ మనిషి కనిపెట్టాడని అతను పొద్దుటి నుంచి లోలోపల ఒక పెద్ద భావం కట్టుకుని ఉన్నాడు.

వర్గీస్ రొట్టె నములుతూ అతని మెడ వెనక తడిమి, తెల్లటి వేలు చూపించాడు. “పిండి.”

పెంచల్ నవ్వాపుకోలేకపోయాడు. ముసలాయన లోపలి నుంచి, “నవ్వు తరవాత, బస్తా ముందు!” అని కేక పెట్టాడు.

*

ఆ తరవాత కొద్ది రోజులకే బస్సు కబురు వచ్చింది. మర్నాడు పొద్దున్నే బయలుదేరాలి. ఇరానీ ముసలాయన దగ్గర వీళ్ల పనికి వర్గీస్ మనుషులు ఒప్పుకున్నారు. వాళ్ల వంతు ఇంకా రాలేదు. షరీఫా బీ దారి కోసం కాల్చిన రొట్టెలు గుడ్డలో కట్టి, ఆట చూడ్డానికి వచ్చి గోడ నీడన కూర్చుంది.

“ఇదేం ఆట నాయినా, కొబ్బరికాయను ఇసిరి పట్టుకునేది?” అంది. అయినా చూపు మరల్చలేదు.

పొద్దు కుంగుతోంది. రెండు పక్షాలూ సమానంగా ఉన్నాయి. ఇది చివరి విసురు. అజ్మతుల్లా అందరినీ దగ్గరికి పిలిచి ఎప్పటిలాగే చెప్పాడు: పెంచల్ అంచున, ఖాసిం నడుమ. పెంచల్ ఏమీ అడగలేదు. పోయి తన చోట నిలబడ్డాడు. బంతి రాకపోయినా తన పరుగు ఎక్కడికో చేరుతుందని ఇప్పుడతనికి తెలుసు. పరుగు మాత్రం వస్తుందనే పరుగెత్తాలి. ఈ రెండూ ఒకే గుండెలో ఎలా ఇముడుతున్నాయో అతను తర్కించలేదు. ఇముడుతున్నాయి, అంతే.

“యల్లా!”

అతను బయలుదేరాడు. కొంతదూరం పోయాక వెనక అడుగుల చప్పుడు లేదని తెలిసింది. వర్గీస్ రాలేదు. ఇన్నాళ్లూ చూసి చూసి, బంతి పోయేది బొజ్జ మనిషికేనని ఆ మెకానిక్కు లెక్క తేల్చుకున్నాడు. ఇవాళ తానూ, తన జతగాడూ ఖాసిం వలికి చెరో పక్కా గోడల్లా నిలిచారు.

అజ్మతుల్లా చేయి ఖాసిం వైపు లేచింది. గాలిలో ఒక్క క్షణం ఆగింది. ఆ చేయి తిరిగింది.

బంతి ఎర్రటి వెలుగులో గిర్రున తిరుగుతూ పైకి లేచింది. పెంచల్ తల ఎత్తి దాని కింద పరుగెత్తాడు. దాన్ని ఇంత దూరాన, తన కోసం వస్తుండగా ఎన్నడూ చూడలేదు. ఎలా పట్టుకోవాలో తెలియక, వీపు మీద నుంచి జారే బస్తాను ఆపినట్టు రెండు చేతులూ, రొమ్మూ, గడ్డమూ కలిపి దాన్ని పొదివి పట్టుకున్నాడు. అది నిలిచింది. టైర్ల గీత కాళ్ల కింద నుంచి వెనక్కి పోయింది.

కేకలు. అజ్మతుల్లా నేల మీద కూర్చుని నవ్వుతున్నాడు. షరీఫా బీ లేచి నిలబడి, ఏమైందో సరిగా తెలియకపోయినా చప్పట్లు కొడుతోంది.

పెంచల్ వెనక్కి తిరిగి చూశాడు. నడిమైదానంలో ఇద్దరు భారీ మనుషుల మధ్య ఖాసిం వలి నిలబడి ఉన్నాడు. బంతి తనకే వస్తుందని చాచిన చేతులు ఇంకా దించలేదు. ఆ అరచేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని పెంచల్ బాగా ఎరుగును.

మైదానమంతా నడిచి వెళ్లి, బంతిని ఆ చేతుల్లో పెట్టాడు.

“దారి నువ్వు చేసినావన్నా.”

ఖాసిం వలి బంతినీ అతన్నీ మార్చి మార్చి చూశాడు. “ఇంత దూరం మోసుకొచ్చే బదులు ఇసిరేయొచ్చు గదరా?”

“ఇసిరితే నువ్వు కదలాల్సొస్తాది.”

ఖాసిం వలి బొజ్జ ఊగేలా నవ్వాడు. ఇంకా కాస్త వెలుతురు ఉంది. ఓడిన వర్గీస్ వేలు ఎత్తి, ఇంకొక్కటి, ఒక్కటే, అని బతిమాలుతున్నాడు. అజ్మతుల్లా ఒళ్లు దులుపుకుని లేచాడు. ఈసారి బంతి ఎవరికని ఎవరూ అడగలేదు. పెంచల్ లుంగీ బిగించుకుని అంచుకు నడిచాడు.